79 లక్షలా, 86 లక్షలా? పాల రికార్డుల లెక్క: ప్రాజెక్టు డైరీ

జూన్ 9, రాత్రి

డేటా మొత్తం కొత్త సర్వర్‌లోకి ఎక్కింది. చిత్తూరు దగ్గర ఒక చిన్న డెయిరీ కోసం చేస్తున్న పని ఇది. 46 పల్లెల్లో పాల కేంద్రాలు, ఒక్కో కేంద్రంలో సగటున 85 మంది పాలు పోస్తారు, రోజుకి రెండు పూటలు. అంటే రోజుకి 7,820 రికార్డులు, ఏడాదికి 28 లక్షల పైచిలుకు. మూడేళ్ల డేటా ఉంది. ఎవరు పోశారు, ఏ పూట, ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (ఫ్యాట్ కాక పాలలో ఉండే మిగతా ఘన పదార్థం) ఎంత, ఇవే ఒక్కో రికార్డులో ఉండేవి. పది రోజులకొకసారి వీటి మీదే బిల్లు కట్టి రైతుల ఖాతాలో డబ్బు వేస్తారు.

పాత డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8.0, కొత్తది పోస్ట్‌గ్రెస్ 16. తిరుపతిలో ఇంటి నుంచే లోడింగ్ పెట్టాను. అయిపోగానే పోస్ట్‌గ్రెస్ కేటలాగ్‌లో (తన టేబుళ్ల వివరాలు అది రాసుకునే చోటు) పీజీ_క్లాస్ తెరిచి, రికార్డుల సంఖ్య ఉండే రెల్‌టపుల్స్ అనే కాలమ్‌లో మా టేబుల్‌కి ఎంత ఉందో చూశాను. -1 అని ఉంది. ఒక్క క్షణం గుండె ఆగినంత పనైంది. తర్వాత గుర్తొచ్చింది, 14వ వెర్షన్ నుంచి -1 అంటే ‘ఈ టేబుల్‌ని ఇంకా ఎవరూ కొలవలేదు’ అని అర్థం. అంతకుముందు వెర్షన్లలో అక్కడ 0 ఉండేది. ఖాళీ టేబుల్‌కీ, కొలవని టేబుల్‌కీ తేడా తెలిసేది కాదు. -1 పెట్టడం మంచి పని.

పడుకునే ముందు ఇంకోసారి చూస్తే 85,98,870 అని వచ్చింది. నేనేమీ చేయలేదు. పోస్ట్‌గ్రెస్‌లో వెనకాల నడిచే ఆటోవాక్యూమ్ దానంతట అదే లేచి కొలిచిపెట్టింది.

జూన్ 10

పొద్దున బస్సెక్కి చిత్తూరు వెళ్లాను. తిరుపతి నుంచి 70 కిలోమీటర్లు, మామూలుగా రెండు గంటల్లోపే. ఈ నెలలో అట్లా కుదరదు. తోతాపురి కోతలు మొదలయ్యాయి, పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి.

ఆఫీసులో అడుగు పెట్టగానే అకౌంటెంట్ అన్న తన నోట్‌బుక్ ముందుకు జరిపాడు. మార్పిడికి ముందు పాత డేటాబేస్‌ని పీహెచ్‌పీమైఅడ్మిన్ అనే టూల్‌లో తెరిచి, ఒక్కో టేబుల్ ఎదురుగా ఉన్న సంఖ్యని రాసి పెట్టుకున్నాడు. జాగ్రత్త గల మనిషి.

‘ఏం నాయనా, పాత దాంట్లో 79 లక్షల 41 వేలు ఉండె. ఇప్పుడు 85 లక్షల 98 వేలు చూపిస్తా ఉంది. ఆరున్నర లక్షలు యాడినుంచి వచ్చినాయి? రైతులకి రెండుసార్లు బిల్లు పోతే ఎవరు కట్టుకునేది?’

తగ్గితే పోయాయని భయపడతాం. పెరిగితే ఏమనాలో నాకు వెంటనే తోచలేదు. పైగా ఆయన ఇంకో మాట అన్నాడు: ‘రైతుల టేబుల్ సరిపోయింది, 5,212. కేంద్రాలు 46, సరిపోయింది. రేట్ల చార్టు సరిపోయింది. డబ్బులుండే టేబుల్ ఒక్కటే తప్పుతోంది.’

ఆ మాటలో న్యాయముంది. చిన్నవన్నీ అంకెకి అంకె కలిసి, పెద్దదొక్కటే కలవకపోతే ఎవరికైనా అనుమానం వస్తుంది. ‘సాయంత్రం లోపల చెప్తాను అన్నా’ అని కూర్చున్నాను.

పాత డేటాబేస్‌ని మళ్లీ తెరిచాను. మా టేబుల్ ఎదురుగా ఉన్నది 79,41,203 కాదు, ~79,41,203. ముందు ఒక చిన్న వంకర గీత. ఆయన నోట్‌బుక్‌లో ఆ గీత లేదు. ‘సుమారు’ అని ఆ గీతకి అర్థమని ఆయనకి ఎవరు చెప్పారు కనుక! ఆ సంఖ్య మీద నొక్కితే అప్పుడు నిజంగా లెక్కపెట్టింది. 85,97,416.

చిన్న టేబుళ్లు ఎందుకు కలిశాయో కూడా అక్కడే తేలింది. పీహెచ్‌పీమైఅడ్మిన్ ముందుగా అంచనా చూస్తుంది. అది 50,000 కంటే తక్కువైతే నిజంగానే లెక్కపెట్టి చూపిస్తుంది. ఎక్కువైతే అంచనానే ముందు గీత పెట్టి చూపిస్తుంది. 50,000 అన్నది దాని డిఫాల్ట్, మార్చుకోవచ్చు. అంటే ఒకే కాలమ్‌లో, ఒకే అక్షరాల్లో, కొన్ని లెక్కలూ కొన్ని అంచనాలూ పక్కపక్కనే ఉన్నాయి. వాటిని విడదీసి చూపేది ఆ ఒక్క గీతే.

జూన్ 11

నిన్న ఆయనకి ‘అది అంచనా మాత్రమే అన్నా’ అని చెప్పి వచ్చాను గానీ, ఆయన ముఖంలో నమ్మకం కనపడలేదు. మూడేళ్ల డబ్బుల లెక్క ముందు పెట్టుకుని ‘అంచనా’ అంటే నేనైనా నమ్మను. అంచనా ఎట్లా వేస్తారో చూపించాలి.

మైఎస్‌క్యూఎల్‌లో మా టేబుల్ ఇన్నోడీబీ అనే ఇంజిన్‌లో (డేటాని డిస్క్ మీద దాచే భాగం) ఉంది. ఇన్నోడీబీ డేటాని 16 కేబీ పేజీలుగా పెట్టుకుంటుంది. నా లెక్కలో మాది సుమారు 66 వేల పేజీలు. అంచనా వేసేటప్పుడు అది డిఫాల్ట్‌గా 20 పేజీలు మాత్రమే తీసి చూస్తుంది. అక్కడ కనపడినదాన్ని మొత్తం పేజీలకి హెచ్చిస్తుంది. 66 వేలలో 20! నిజమైన సంఖ్యకీ దీనికీ 40 నుంచి 50 శాతం దాకా తేడా ఉండొచ్చని మైఎస్‌క్యూఎల్ మాన్యువల్లోనే రాసి ఉంది. మాకు వచ్చిన తేడా ఎనిమిది శాతం కూడా లేదు. పైగా 8.0లో ఆ అంచనా ఒకసారి చదివాక 86,400 సెకన్లు, అంటే ఒక రోజంతా, దాచిన సంఖ్యే చూపిస్తుంది. నిన్నటి సంఖ్య ఈరోజు కనపడవచ్చు.

దీన్ని అకౌంటెంట్ అన్నకి చెప్పడానికి కొత్త ఉపమానం వెతకాల్సిన పని లేదు. ఆయన వృత్తిలోనే ఉంది. పాలు బాగా కలిపి, చిన్న గిన్నెలో శాంపిల్ తీసి మెషీన్ కింద పెడతారు. ఆ నాలుగు చుక్కలే క్యాన్ మొత్తానికి ఫ్యాట్ చెప్తాయి. క్యాన్ మొత్తం పరీక్ష చేయరు, చేస్తే అమ్మడానికి పాలుండవు. కలపకుండా పైపైన ముంచితే మీగడ వచ్చి ఫ్యాట్ ఎక్కువ పడుతుందని కేంద్రంలో పనిచేసే ప్రతి మనిషికీ తెలుసు. 20 పేజీల శాంపిల్ కూడా అంతే. కొన్ని పేజీలు నిండుగా, కొన్ని సగం ఖాళీగా ఉంటే, చేతికి ఏవి తగిలాయన్న దాన్ని బట్టి సంఖ్య మారిపోతుంది.

ఫోన్లో ఇది చెప్పాను. ‘మరి కొత్త దాంట్లో కూడా నాలుగు చుక్కలేనా?’ అన్నాడు. సరైన ప్రశ్న.

పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్‌ని కొలవడానికి అనలైజ్ అనే కమాండ్ ఉంది. డిఫాల్ట్ సెట్టింగ్‌లో అది 30,000 రికార్డుల శాంపిల్ తీసుకుంటుంది (స్టాటిస్టిక్స్ టార్గెట్ 100, దాన్ని 300తో హెచ్చిస్తే వచ్చేది). అందుకోసం టేబుల్‌లో అక్కడా ఇక్కడా 30,000 పేజీల దాకా తాకుతుంది. పోస్ట్‌గ్రెస్ పేజీ 8 కేబీ. మా టేబుల్ సుమారు 1,32,000 పేజీలు. అంటే దాదాపు నాలుగో వంతు పేజీలు చూసి చెప్తోంది. అందుకే అంత దగ్గరగా వచ్చింది. గిన్నె పెద్దది. అయినా శాంపిల్ శాంపిలే.

జూన్ 12

ఈరోజు పట్టుకున్న ప్రశ్న: ఇంత కష్టం ఎందుకు, టేబుల్ మీద ఒక సంఖ్య రాసిపెట్టుకుని, రికార్డు చేరినప్పుడల్లా ఒకటి కలుపుకోవచ్చు కదా?

మైఐసామ్ అనే పాత ఇంజిన్ అట్లానే చేసేది. మొత్తం సంఖ్య దానికి నోటి చివర ఉండేది, కౌంట్ అడిగితే తడుముకోకుండా చెప్పేది. మైఎస్‌క్యూఎల్ 5.5 నుంచి ఇన్నోడీబీ డిఫాల్ట్ అయింది, ఆ సౌకర్యం పోయింది. పోవడానికి కారణం బద్ధకం కాదు. రెండు విండోలు తెరిచి కళ్లారా చూశాను.

మొదటి విండోలో ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, ఒక కేంద్రం సాయంత్రం పూట పాలు 85 రికార్డులు చేర్చాను. కమిట్ చేయలేదు, అంటే ఇంకా ఖాయం చేయలేదు. అదే విండోలో కౌంట్ అడిగితే 85 పెరిగి వచ్చింది. రెండో విండోలో అడిగితే పాత సంఖ్యే. టేబుల్ ఒకటే, నిమిషం ఒకటే, జవాబులు రెండు. రెండూ సరైనవే! మొదటి విండో రోల్‌బ్యాక్ చేస్తే, అంటే వెనక్కి తీసుకుంటే, ఆ 85 ఎప్పుడూ లేనట్టే. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి రికార్డు మీదా ‘నన్ను పెట్టిన ట్రాన్సాక్షన్ ఇది, తీసేసిన ట్రాన్సాక్షన్ ఇది’ అని రెండు ముద్రలు ఉంటాయి. అడిగే మనిషికి ఆ రికార్డు కనపడాలా వద్దా అన్నది ఆ ముద్రలు చూసి అప్పటికప్పుడు తేలుతుంది. కాబట్టి ‘ఈ టేబుల్‌లో ఎన్ని రికార్డులు?’ అన్న ప్రశ్న సగమే. ‘ఎవరికి కనపడేవి, ఏ క్షణాన?’ అన్నది మిగతా సగం. అందరికీ చెల్లే ఒక్క సంఖ్య రాసిపెట్టే చోటు లేదు.

నేనే ఒక ట్రిగ్గర్ (రికార్డు చేరగానే దానంతట అదే నడిచే చిన్న ప్రోగ్రాం) రాసి, వేరే టేబుల్‌లో సంఖ్య పెంచుకుంటూ పోవచ్చు. రాయడానికి పది నిమిషాలు. కానీ పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపల 46 కేంద్రాలూ ఒకేసారి పాలు ఎక్కిస్తాయి. అన్నీ ఆ ఒక్క సంఖ్యనే మార్చాలి. ఒకరు కమిట్ చేసేదాకా మిగతా 45 మంది దాని దగ్గర నిలబడాలి. క్యాన్ చేతిలో పట్టుకుని రైతు బయట నిలబడేది అందుకోసమా? వద్దనుకున్నాను.

మరి ప్రతిసారీ నిజంగా లెక్కపెడితే? డెయిరీ వాళ్ల సర్వర్‌లో ఉన్నది మామూలు హార్డ్ డిస్క్. మెషీన్ ఆన్ చేశాక మొదటిసారి కౌంట్ 11 సెకన్లు పట్టింది, మెమరీలోకి వచ్చాక ఒక్క సెకను లోపు. 11 సెకన్లు పెద్ద విషయం కాదనిపిస్తుంది. కానీ పోస్ట్‌గ్రెస్‌ని తెరిచి చూసే పీజీఅడ్మిన్ లాంటి టూల్‌లో మనం ఒక టేబుల్ మీద ఊరికే క్లిక్ చేస్తాం. పేరు చూద్దామనో, కాలమ్స్ చూద్దామనో. క్లిక్ చేసినప్పుడల్లా అడక్కుండానే ఒక జీబీ డిస్క్ చదివించడం, అదీ పాలు పోసే వేళ, మర్యాద కాదు. టూల్ రాసినవాళ్లు అందుకే అప్పటికే కేటలాగ్‌లో ఉన్న అంచనా తీసి చూపిస్తారు.

ఇంకో సంగతి. ఆ అంచనాని డేటాబేస్ పెట్టుకున్నది మనకి చూపించడానికి కాదు, తన కోసం. ఒక క్వెరీ (డేటా కోసం అడిగే ప్రశ్న) వచ్చినప్పుడు ఇండెక్స్ వాడాలా, టేబుల్ మొత్తం చదవాలా అని దారి ఎంచే ప్లానర్ తేల్చుకోవాలి. దానికి 86 లక్షలా 86 వేలా అన్నది తెలియాలి. చివరి నాలుగు అంకెలతో దానికి పని లేదు. ప్లానర్ ఇంకొంచెం తెలివిగా కూడా చేస్తుంది: కొలిచిన రోజు పేజీకి ఎన్ని రికార్డులు ఉన్నాయో ఆ సగటు తీసుకుని, ఫైల్‌లో ఇప్పుడు ఎన్ని పేజీలు ఉన్నాయో చూసి హెచ్చిస్తుంది.

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకి ఇది రోజూ పేపర్లో చదివే లెక్కే. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుంది. లోపల ఉన్నవాళ్లని ఒక్కొక్కరిగా లెక్కపెట్టి చెప్పే మాట కాదది. కొండకి బయల్దేరే మనిషికి అది చాలు. అదే వార్తలో కింద, నిన్న దర్శనం చేసుకున్నవాళ్ల సంఖ్య చివరి అంకె దాకా ఉంటుంది. ఎందుకంటే నిన్న అయిపోయింది. ఇక మారదు.

ఇది రాస్తుంటేనే మా ప్రోగ్రాంలో ఏం చేయాలో తట్టింది. పూట ముగిసి, కేంద్రం ‘క్లోజ్’ నొక్కాక ఆ పూట రికార్డులు మారవు. అప్పుడు లెక్కపెట్టి, కేంద్రానికి పూటకి ఒక రికార్డు చొప్పున వేరే టేబుల్‌లో రాసిపెట్టుకోవచ్చు: ఎంతమంది, మొత్తం లీటర్లు. రోజుకి 92, మూడేళ్లకి లక్ష. దాన్ని కూడడం కంటిరెప్ప పాటు.

జూన్ 14

అకౌంటెంట్ అన్న పక్కన కూర్చుని పాతా కొత్తా రెండు వైపులా ఖచ్చితమైన కౌంట్ తీశాం. పాత సిస్టమ్ ఆపేశాం కాబట్టి అక్కడ ఏదీ కదలదు. కొత్తదాంట్లో పాత డేటా వరకే తీసుకున్నాం.

పాతది 85,97,416. కొత్తది 85,97,372.

44 తక్కువ!

ఆయన ఏమీ అనలేదు. నోట్‌బుక్‌లో 44 రాసి చుట్టూ గుండ్రంగా గీశాడు. నాకు నోరు ఎండిపోయింది. అంచనా 85,98,870 అంటే నిజం కంటే 1,498 ఎక్కువ చూపిస్తోంది. అంత తేడాలో 44 ఎప్పటికీ కనపడేది కాదు. ఆయన ఆరున్నర లక్షల అనుమానం తప్పే కావచ్చు. కానీ ఆ అనుమానం లేకపోతే ఈ లెక్క తీసేవాళ్లమే కాదు.

నెలవారీగా విడగొట్టి రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టాం. పాత జాబితాలో అన్ని నెలల కంటే పైన ఒక వింత వరుస ఉంది: ఏడాది సున్నాలు, నెల సున్నాలు, తేదీ సున్నాలు. ఎదురుగా 44. పాత ప్రోగ్రాం స్ట్రిక్ట్ మోడ్ (తప్పు డేటాని తిప్పికొట్టే సెట్టింగ్) తీసేసి నడిచింది కాబట్టి మైఎస్‌క్యూఎల్ ఆ సున్నా తేదీని ఒప్పుకుంది. పోస్ట్‌గ్రెస్‌కి అట్లాంటి తేదీ లేదు, తీసుకోదు. చదవలేని రికార్డుల్ని పక్క ఫైల్లో పెట్టమని నా లోడింగ్ స్క్రిప్ట్‌లో నేనే రాశాను. ఆ ఫైల్ తెరిచి చూడలేదు. అది నా తప్పు. ఆయనతో కూడా అదే చెప్పాను.

44 రికార్డులూ ఒకే కేంద్రానివి, ఒకే పూటవి. బిల్లు అప్పట్లో కాగితం మీద కట్టి ఇచ్చేశారని ఆయనకి గుర్తుంది. అంటే డబ్బు పోలేదు. కానీ ఏడాది చివర బోనస్ లీటర్ల లెక్కన ఇస్తారు. తేదీ లేని లీటర్లు ఏ ఏడాదిలోకీ రావు.

జూన్ 17

సాయంత్రం ఐదున్నరకి ఫోన్. ‘నాయనా, టేబుల్‌లో 312 ఉండాయి. మొత్తం పోయినాయి.’

కరెంటు పోయిందట, యూపీఎస్ బ్యాటరీ నిలబడలేదట, సర్వర్ ఉన్నపళంగా ఆగిపోయిందట. తిరిగొచ్చాక పీజీఅడ్మిన్‌లో స్టాటిస్టిక్స్ ట్యాబ్ తెరిస్తే లైవ్ టపుల్స్ (ఇప్పుడున్న రికార్డుల అంచనా) 312. తిరుపతి నుంచి లాగిన్ అయ్యేదాకా నాకూ టెన్షనే. కౌంట్ అడిగాను. అన్నీ ఉన్నాయి, ఒక్కటి కూడా పోలేదు.

ఇక్కడ నేర్చుకున్నది రాసిపెట్టుకుంటున్నాను. పోస్ట్‌గ్రెస్‌లో అంచనాలు రెండు చోట్ల ఉంటాయి. ఒకటి పీజీ_క్లాస్‌లోని రెల్‌టపుల్స్, కొలిచినప్పుడు మాత్రమే మారేది. రెండోది స్టాటిస్టిక్స్‌లోని లైవ్ టపుల్స్, రికార్డులు చేరుతుంటే తనూ పెరిగేది. రెండోది చురుకైనదే గానీ, సర్వర్ పద్ధతిగా ఆగకుండా కుప్పకూలితే ఆ లెక్కలన్నీ పారేసి సున్నా నుంచి మొదలుపెడుతుంది. డేటాకి ప్రతి మార్పునీ ముందే రాసిపెట్టుకునే వాల్ అనే లాగ్ కాపలా ఉంది, ఈ లెక్కలకి లేదు. కరెంటు వచ్చాక నాలుగు కేంద్రాలు పాలు ఎక్కించాయి, ఆ నాలుగింటివే 312. చేత్తో ఒకసారి అనలైజ్ నడిపితే మళ్లీ దారికొచ్చింది. ఇట్లా ఆగిపోయిన ప్రతిసారీ అనలైజ్ నడపాలి.

రెల్‌టపుల్స్ కూడా సొంతంగా తాజాగా ఉండదు. ఆటోవాక్యూమ్ అనలైజ్ నడపాలంటే డిఫాల్ట్‌గా 50 రికార్డులూ, దాని మీద టేబుల్‌లో పది శాతం మారాలి. మాకు అది 8.6 లక్షలు. రోజుకి 7,820 చొప్పున 110 రోజులు! ఈ టేబుల్ వరకు పది శాతాన్ని ఒక శాతం చేశాను. ఇక 11 రోజులకొకసారి కొలుస్తుంది, దాదాపు బిల్లుకొకసారి.

మా డాష్‌బోర్డ్ మీద కూడా మార్చాను. మొత్తం రికార్డులు అన్న చోట ఇక ‘సుమారు 86 లక్షలు’ అని మాత్రమే ఉంటుంది. ఏడు అంకెలు చూపిస్తే చూసేవాళ్లు ఏడు అంకెలూ నమ్ముతారు. బిల్లు పేజీలో మాత్రం క్లోజ్ అయిన పూటల లెక్కే, చివరి అంకె దాకా.

జూన్ 20

ఆ కేంద్రానికి అకౌంటెంట్ అన్నతో కలిసి బైక్ మీద వెళ్లాను. కేంద్రం చూసుకునే అక్క పాత రిజిస్టర్లు బియ్యం డ్రమ్ము పక్కన కట్ట కట్టి పెట్టింది. రెండేళ్ల కిందటి పుస్తకంలో ఆ సాయంత్రం దొరికింది. పేజీ పైన నీలం ఇంకుతో తేదీ, పక్కన ‘మెషీన్ గడియారం నిలిచిపోయింది’ అని రాసుంది. కింద 44 పేర్లు. మామూలుగా 80 మందికి పైగా వస్తారు, ఆరోజు వాన, అందుకే తగ్గారంది అక్క.

ఆమె చదువుతుంటే నేను ల్యాప్‌టాప్‌లో ఒక్కొక్క రికార్డుకీ తేదీ వేశాను. లీటర్లు, ఫ్యాట్ అన్నీ కలిశాయి. 31వ పేరు దగ్గర ఆగి, ‘ఇది నాదే’ అంది. 6.4 లీటర్లు, ఫ్యాట్ 4.2. ‘ఆ ఆవు ఇప్పుడు లేదు’ అని తర్వాతి పేరు చదివింది.

44 ఎక్కించి, పాత డేటా వరకు కౌంట్ నడిపాను. 85,97,416. అకౌంటెంట్ అన్న నోట్‌బుక్ తీసి, గుండ్రంగా చుట్టిన 44 మీద అడ్డగీత కొట్టాడు. తర్వాత వెనక్కి పేజీలు తిప్పి, మొదటి రోజు రాసుకున్న 79,41,203 ముందు చిన్న వంకర గీత ఒకటి పెట్టాడు.